పసిపిల్లల చుట్టూ ఉండే మాటను కొలిచే పరిశోధన: ఇంటర్ తరువాత దారి ఏది?

ప్రశ్న: మెళియాపుట్టి మండలంలో అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్నాను. మా అమ్మాయి టెక్కలిలో ఇంటర్ రెండో సంవత్సరం ఎం.పి.సి. చదువుతోంది. పసిపిల్లల చొక్కాలో చిన్న రికార్డరు పెట్టి, రోజంతా వాళ్ల చుట్టూ ఎంత మాట నడుస్తోందో కంప్యూటరుతో లెక్కగట్టే పరిశోధన గురించి విని, ఆ రంగంలోకే వెళ్తానంటోంది. దీనికి వేరే చదువు ఉందా? బతుకుతెరువుకు పనికొస్తుందా?
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, ఈ పనికంటూ విడిగా డిగ్రీ ఎక్కడా లేదు. భాషాశాస్త్రం, కంప్యూటర్ సైన్సు, వాక్ శ్రవణ చికిత్స (మాట, వినికిడి లోపాలకు చేసే చికిత్స) అనే మూడు చదువులవాళ్లు కలిసి చేసే పని ఇది. ఏ చదువు ఎంచుకోవాలో తేలాలంటే ముందు పని స్వభావం తెలియాలి.

అమెరికాలో హార్ట్, రిస్లీ అనే పరిశోధకులు 42 కుటుంబాల ఇళ్లకు రెండున్నరేళ్ల పాటు నెలకొక గంట చొప్పున వెళ్లి, పిల్లలు వినే మాటలను రికార్డు చేసి, మనుషుల చేత రాయించి లెక్కించి, ఫలితాలను 1995లో పుస్తకంగా ప్రచురించారు. ఆ తరువాత వచ్చిన లీనా అనే పరికరం పిల్లవాడి చొక్కా జేబులో ఇమిడి 16 గంటల వరకు రికార్డు చేస్తుంది. అది మాటల అర్థం గ్రహించదు. ధ్వని లక్షణాలను బట్టి ఇది ఆడమనిషి గొంతు, ఇది మగమనిషి గొంతు, ఇది ఆ బిడ్డ గొంతు, ఇది టీవీ అని విడదీసి, పెద్దలు సుమారు ఎన్ని మాటలు పలికారో, బిడ్డకూ పెద్దలకూ మధ్య మాట ఎన్నిసార్లు చేతులు మారిందో అంచనా వేస్తుంది. దానికి శిక్షణ ఇచ్చింది అమెరికన్ ఇంగ్లీషు ఇళ్లలోని రికార్డింగులతో. కాబట్టి అది ఇచ్చిన అంకెలను మరో భాషలో వాడేముందు, ఆ భాష వచ్చిన మనుషులు కొన్ని నిమిషాల ముక్కలు విని, లెక్క సరిపోయిందో లేదో చూడవలసి ఉంటుంది.

మీ అమ్మాయికి చోటున్నది సరిగ్గా ఇక్కడే. "తినేయమంటున్నానుగా" అని తల్లి ఒక్క ఊపిరిలో అన్నదాన్ని ఒక మాటగా లెక్కించాలా, అందులో ఇమిడిన క్రియలను విడివిడిగా లెక్కించాలా అన్నది తేల్చుకోకుండా తెలుగు ఇంటి అంకెను ఇంగ్లీషు ఇంటి అంకె పక్కన పెట్టడం సరికాదు. ఈ చిక్కు వల్లనే, ఆలిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు మాటలతో పాటు అక్షరాలను, ధ్వనులను కూడా అంచనా వేస్తుంది. మన ఇళ్లలో అన్నదమ్ముల పిల్లలంతా ఒకే వాకిట్లో ఆడుకుంటూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడతారు. అలా కలిసిపోయిన మాటను లీనా లెక్కలోకే తీసుకోదు. ఇక మీ మండలంలోనే వినిపించే సవర, తెలుగుతో చుట్టరికం లేని ముండా కుటుంబపు భాష. గిడుగు రామమూర్తి గారు దానికి 1931లోనే వ్యాకరణం అచ్చువేయించారు. ఇచ్ఛాపురం వైపు వెళ్తే ఒడియా. ఈ మూడు భాషల మధ్య పెరిగిన పిల్ల చెవికి ఉండే సత్తా ఏ నగరంలోనూ కొనుక్కుంటే దొరకదు.

అంగన్‌వాడీ టీచరుగా మీకు నచ్చే సంగతి ఒకటి చెబుతాను. 2023లో 12 దేశాల నుంచి, 43 భాషల ఇళ్ల నుంచి 1,001 మంది పిల్లల రికార్డింగులతో ఒక అధ్యయనం వెలువడింది. పెద్దల మాట ఎక్కువగా వినిపించే చోట పిల్లలూ ఎక్కువగా గొంతు విప్పారు. తల్లి ఎంత చదివిందన్న దానితో మాత్రం పిల్లలు ఎంత పలుకుతారన్న దానికి సంబంధం కనిపించలేదు. చదువురాని తల్లుల పిల్లలు మాటల్లో వెనకబడతారని తేలిగ్గా తీర్పు చెప్పేవారు చూడవలసిన ఫలితమిది.

చదువు విషయానికి వస్తే, ఎం.పి.సి. చేస్తూ లెక్కలంటే ఇష్టపడే పిల్లకు నా మొదటి సలహా హైదరాబాదు ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్సు బీటెక్‌తో పాటు కంప్యూటేషనల్ లింగ్విస్టిక్స్‌లో (కంప్యూటరుతో భాషను విశ్లేషించే శాస్త్రంలో) ఎం.ఎస్. ఇచ్చే ఐదేళ్ల కోర్సు. దానికి యూజీఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. సీటు రాకపోతే దిగులు పడనక్కరలేదు. గణాంకశాస్త్రం, కంప్యూటర్లు ఉన్న డిగ్రీ మన జిల్లాలోనే పూర్తిచేసి, హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనో ఉస్మానియాలోనో భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేయవచ్చు. డిగ్రీలో గణాంకశాస్త్రాన్ని మాత్రం వదలనివ్వకండి. ఈ రంగంలో రోజువారీ పనిలో సగం అదే.

బతుకుతెరువు గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. అచ్చంగా ఈ పనికే నియమించే ఉద్యోగాలు తక్కువ. ఎక్కువ భాగం పరిశోధన ప్రాజెక్టులు, పీహెచ్‌డీ ఫెలోషిప్పులు. అయితే ఇదే నైపుణ్యం భారతీయ భాషల స్పీచ్ టెక్నాలజీకి, అంటే కంప్యూటరు మన మాటను గుర్తించేలా, పలికేలా చేసే పనికి కూడా కావాలి. కేంద్ర ప్రభుత్వపు భాషిణి కార్యక్రమం, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ పరిశోధన బృందం చేస్తున్నది ఆ పనే. ఇంట్లో త్వరగా స్థిరమైన సంపాదన అవసరమైతే మాత్రం వాక్ శ్రవణ చికిత్సలో నాలుగేళ్ల డిగ్రీ అయిన బీఏఎస్‌ఎల్‌పీ మేలని నా అభిప్రాయం. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దానికి పేరుపొందిన చోటు. మాట ఆలస్యమైన పిల్లలకు చికిత్స చేస్తూనే పరిశోధన వైపు కూడా వెళ్లవచ్చు.

పరీక్షలు అయిన తరువాత సెలవుల్లో ఈలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు దింపుకొని, మీ బంధువుల ఇంట్లో ఒక బిడ్డ దగ్గర జరిగే ఐదు నిమిషాల మాటను ఎవరు ఎప్పుడు పలికారో గుర్తిస్తూ రాయమనండి. ఆ పని ఎంత ఓపిక అడుగుతుందో, ఆ ఓపిక తనకు ఉందో లేదో ఆమెకే తెలుస్తుంది. రికార్డు చేసే ముందు ఆ ఇంటివాళ్లందరి అనుమతి తీసుకోవాలి, వాళ్లు వద్దన్న భాగం చెరిపేయాలి, ఆ ఫైలును వాట్సాప్‌లో ఎవరికీ పంపకూడదు. మీ కేంద్రానికి వచ్చే పిల్లల దగ్గర మాత్రం ఈ అభ్యాసం వద్దు. టీచరు అడిగితే తల్లులు మొహమాటానికి కాదనలేరు.