మధ్యంతరమా, మధ్యాంతరమా?

సందేహం: మా అక్క విడాకుల కేసు ఫ్యామిలీ కోర్టులో నడుస్తోంది. కేసు తేలేదాకా నెలనెలా ఖర్చులు ఇప్పించమని వేసే అర్జీని వకీలుగారు ‘మధ్యంతర మనోవర్తి’ అన్నారు. పత్రికలో ‘తాత్కాలిక భరణం’ అని చదివాను. ఏది సరైనది? మనోవర్తికి మనసుతో సంబంధం ఉందా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మనోవర్తిని అనుమానించారు, భరణాన్ని అనుమానించారు. అసలు అనుమానించవలసిన ‘మధ్యంతర’ను మాత్రం వదిలేశారు! మధ్య, అంతర కలిస్తే ఏమవుతుందో బడిలో చదివినదే. అయినా మధ్యంతర ఎన్నికలు, మధ్యంతర ఉత్తర్వులు, మధ్యంతర భృతి అంటూ పత్రికలు ఆ దీర్ఘాన్ని మింగి కూర్చున్నాయి. అడిగితే ‘వాడుక’ అంటారు. ఆ వాడుకను అలవాటు చేసింది ఎవరట?

సాక్ష్యం కోసం మన ఓరుగల్లు వాళ్లు దూరం పోనక్కరలేదు. బమ్మెర పోతనదిగా ప్రసిద్ధమైన చాటుపద్యం మీకు నోటికి వచ్చే ఉంటుంది. కావ్యకన్యను కూళలకిచ్చి పడుపుకూడు తినడం కంటే,

హాలికులైన నేమి గహనాంతరసీమలఁ గందమూల కౌ
ద్దాలికులైన నేమి నిజదారసుతోదరపోషణార్థమై

అన్నాడు. నాగలి పడితేనేం, అడవిలో గడ్డలు తవ్వుకుంటేనేం అని. గహన, అంతర కలిసి ‘గహనాంతర’ అయింది చూశారా? ఇక్కడ ఒక తమాషా ఉంది. ‘గహనంతర’ అని ఉన్నా ఉత్పలమాలకు గణభంగం లేదు, సున్న ఉన్న అక్షరం ఎలాగూ గురువే. ‘హా’కు యతి కూడా ‘అంతర’లోని అచ్చు మీదే నిలిచింది, దానికీ లోటు రాదు. ఛందస్సు బలవంతం ఏమీ లేకుండానే పద్యంలో దీర్ఘం నిలిచింది. ఏ బలవంతమూ లేని పత్రికలవారికి దాన్ని మింగవలసిన అవసరం ఏమొచ్చిందో!

మీ అక్కగారి అర్జీ కూడా ఈ పద్యంలోనే ఉంది, చివరి సమాసంలో. నిజదార అంటే తన భార్య, సుతులు బిడ్డలు, ఉదరపోషణ అంటే కడుపు నింపడం. గమనించండి, కవి కడుపు అన్నాడు, మనసు అనలేదు. మనోవర్తిలోనూ మనసు లేదనే నా అభిప్రాయం. ‘మను’ అంటే బతుకు. మనుగడ, మనికి దాని బిడ్డలే. బట్ట చాలాకాలం ‘బతికితే’ మన్నిక అంటాం. బతికించడం మనుచడం. ‘మనువర్తి’ అనే రూపం వినబడుతూనే ఉంది. బతుకుతెరువు అనే అర్థంలో పుట్టిన ఆ మాటను ఎవరో సంస్కృతం చేయబోయి మనస్సును తెచ్చి అతికించి ఉంటారు. నిక్కమైన సంస్కృతంలో మనోవర్తి అంటే మనసులో మెలిగేవాడు. విడాకుల కోర్టులో ఆ అర్థం ఎంత ఇబ్బందో ఆలోచించండి!

భరణం, భృతి, భర్త, భార్య, భారం అన్నీ ఒకే ధాతువు సంతానం. భరించేవాడు భర్త, భరింపబడేది భార్య. 1955 నాటి హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ దీన్ని పట్టించుకోదు. తగిన ఆదాయం లేకపోతే భర్త కూడా భార్యను అడగవచ్చు.

‘తాత్కాలిక’ను ఈమధ్య రోడ్డు గుంతల పూడికకు వాడి చులకన చేశారు గానీ, తత్కాలం అంటే ఆ సమయం. కేసు నడిచే సమయానికి చెందినది తాత్కాలికం. ఆ లెక్కన పత్రికవారు తెలియకుండానే ఒప్పు రాశారు. అయితే 24వ సెక్షన్ కింద వచ్చే నెలసరి ఖర్చుకూ, 25వ సెక్షన్ కింద వచ్చే శాశ్వత భరణానికీ తేడా లేకుండా రెంటినీ ఉత్త ‘భరణం’ అని శీర్షిక పెట్టడం మాత్రం తప్పే.

భరణం, మనోవర్తి రెండూ సాధువులే. నన్నడిగితే ‘మధ్యాంతర మనువర్తి’ అంటాను, నాతో ఏకీభవించని పండితులు ఉంటారు. మీ వకీలుగారి అర్జీని మాత్రం దిద్దబోకండి. చట్టం ప్రకారం నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు దాన్ని తేల్చాలి. నా దీర్ఘం కోసం ఆ గడువు మరింత దీర్ఘం కావడం నాకు ఇష్టం లేదు.