టెక్ సందేహాలు: దొంగల అలారం మన మాట వినాలంటే

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే వస్తువు గురించి: ఇంటికో దుకాణానికో బిగించిన దొంగల అలారం. కొందరికి అది అస్తమానం మోగుతోంది. కొందరికి అసలు మోగుతుందో లేదో తెలియదు. మిగతా సందేహాలను వచ్చే వారానికి వాయిదా వేసి చోటంతా దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: ఈ మధ్య కొన్న ఇంట్లో పాత యజమాని పెట్టించిన అలారం ఉంది. తీగలతో కలిపిన ఆరు సెన్సర్లు, తలుపు పక్కన కీప్యాడ్, బయట సైరన్. వీటన్నిటినీ నడిపే ప్యానెల్ పెట్టెతో వచ్చిన పుస్తకం కూడా దొరికింది. తెరిస్తే అన్నీ అంకెల పట్టికలే. దీన్ని నేనే ప్రోగ్రామ్ చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. అయితే కీప్యాడ్ మీద వేలు పెట్టేముందు ఒక కాగితం తీసుకుని ఇంటి పటం గీయండి. కొలతలు అక్కర్లేదు. తలుపులు, కిటికీలు, సెన్సర్లు ఎక్కడున్నాయో తెలిస్తే చాలు. తర్వాత, బయటి నుంచి వచ్చినప్పుడు మీరు నడిచే దారిని పెన్సిలుతో గీయండి. వీధి తలుపు నుంచి కీప్యాడ్ చేరేలోపు ఏయే సెన్సర్ల కంట పడుతున్నారో గుర్తు పెట్టుకోండి. అసలు పని ఈ కాగితం మీదే జరుగుతుంది. పుస్తకంలోని పట్టికలన్నీ ఈ బొమ్మను ప్యానెల్‌కు అర్థమయ్యేలా చెప్పడానికే.

ప్యానెల్‌లో రెండు ముఖ్యమైన కోడ్‌లు ఉంటాయి. ఇంటివాళ్ల కోడ్‌లు చేర్చడానికీ తీసేయడానికీ మాస్టర్ కోడ్. జోన్లు, సమయాలు మార్చడానికి ఇన్‌స్టాలర్ కోడ్. తయారీదారు పెట్టిన తొలి కోడ్‌లు పుస్తకంలోనే అచ్చయి ఉంటాయి, అంటే అవి అందరికీ తెలిసినవే. పాత యజమాని వాటిని మార్చి ఉండకపోతే ఇవాళే మీరు మార్చండి. పాత వినియోగదారుల కోడ్‌లన్నీ తుడిచేయండి. ఇన్‌స్టాలర్ కోడ్ ముందే మార్చేసి ఉంటే పాత యజమానిని గానీ, అలారం బిగించిన సంస్థను గానీ అడగండి. తొందరపడి ఫ్యాక్టరీ రీసెట్‌కు పోవద్దు. రీసెట్ చేస్తే ఏ జోన్ ఎలా పనిచేయాలో చెప్పే అమరికలన్నీ చెరిగిపోతాయి. పైగా కొన్ని ప్యానెళ్లలో ఇన్‌స్టాలర్ లాకవుట్ (ఆ కోడ్ లేకుండా రీసెట్ కానివ్వని తాళం) పెట్టి ఉంటే రీసెట్ కూడా జరగదు.

ఇప్పుడు జోన్ల సంగతి. ప్రతి సెన్సర్‌కూ ఒక జోన్ సంఖ్య, ప్రతి జోన్‌కూ ఒక రకం ఉంటాయి. ఆ రకమే దాని స్వభావాన్ని నిర్ణయిస్తుంది. వీధి తలుపును ఎంట్రీ-ఎగ్జిట్ రకంగా పెట్టాలి. అది తెరుచుకోగానే సైరన్ మోగదు, కీప్యాడ్ బీప్‌మంటూ సెకన్లు లెక్కపెడుతుంది. కిటికీలు, పెరటి తలుపు ఇన్‌స్టెంట్ రకం. వాటికి గడువు లేదు, తెరిస్తే మోగాల్సిందే. హాల్లోని కదలిక సెన్సర్ ఫాలోవర్ రకం కావాలి. వీధి తలుపు ముందుగా తెరుచుకుంటే అది మీతో పాటు గడువు పూర్తయ్యేదాకా ఆగుతుంది. తలుపు తెరుచుకోకుండానే హాల్లో ఎవరైనా కదిలితే తక్షణం మోగుతుంది. పొగ సెన్సర్, పానిక్ బటన్, పెట్టె మూత తెరిస్తే పసిగట్టే ట్యాంపర్ స్విచ్ వంటివి 24 గంటల రకాలు. అలారం ఆపి ఉన్నా అవి మేలుకునే ఉండాలి.

నేను ఎక్కువగా చూసే తప్పు ఇక్కడే. హాలు సెన్సర్‌ను ఇన్‌స్టెంట్‌గా పెడతారు, ఇంటికి వచ్చిన ప్రతిసారీ సైరన్ కూస్తుంది. దాంతో విసిగి అన్నింటినీ ఎంట్రీ-ఎగ్జిట్‌గా మార్చేస్తారు. అప్పుడు కిటికీ పగలగొట్టి దిగినవాడికి కూడా ఇంటివాళ్లకు ఇచ్చిన గడువే దొరుకుతుంది. ఆ అర నిమిషంలో బీప్ శబ్దాన్ని బట్టి కీప్యాడ్‌ను వెతికి పట్టుకోవడం కష్టమేమీ కాదు.

గడువును ఊహించి పెట్టకండి, గడియారం పట్టుకుని నడిచి చూడండి. రెండు చేతుల్లో సంచులు ఉన్నప్పుడు తలుపు తీసి కీప్యాడ్ దాకా రావడానికి ఎంత పడుతుందో అదే ఎంట్రీ డిలేకు, అంటే లోపలికి వచ్చే గడువుకు ఆధారం. తప్పుడు అలారాలు తగ్గించడానికి అమెరికాలో రూపొందిన సీపీ-01 ప్రమాణం ఎంట్రీ డిలే కనీసం 30 సెకన్లు, ఎగ్జిట్ డిలే (అలారం పెట్టాక బయటికి వెళ్లే గడువు) కనీసం 45 సెకన్లు ఉండాలంటుంది. యూరప్‌లోని ఈఎన్ 50131 ప్రమాణం ఎంట్రీ డిలేను 45 సెకన్లు దాటనివ్వదు. ఈ రెండింటి నడుమ చాలా ఇళ్లు సరిపోతాయి. ఒక చిన్న మెలిక: కొన్ని ప్యానెళ్లు సమయాన్ని మూడంకెల్లో అడుగుతాయి. అక్కడ 30 కాదు, 030 నొక్కాలి. లేకపోతే మీరు తర్వాత నొక్కే అంకె కూడా అందులోనే కలిసిపోతుంది. అందుకే ఏ విలువనైనా మార్చేముందు ప్రస్తుతం ఉన్నదాన్ని కాగితం మీద రాసుకోండి. మీ అలారం మోగినప్పుడు కబురు అందుకునే పర్యవేక్షణ కేంద్రం ఏదైనా దానికి కలిపి ఉంటే, పరీక్ష చేస్తున్నామని వారికి ముందే చెప్పండి.

ప్రశ్న: మా దుకాణంలో వెనుక తలుపు జోన్ ఊరికే తెరిచినట్టు చూపిస్తుంటే మెకానిక్ వచ్చి, తలుపు దగ్గరున్న చిన్న రెసిస్టర్‌ను తీసి ప్యానెల్ పెట్టెలో బిగించాడు. ఇప్పుడు ఇబ్బంది లేదు. ఇది సరైన పనేనా?

కాదు. ఇది కొంచెం విడమరిచి చెప్పాల్సిన సంగతి.

1853లో అమెరికాలో ఆగస్టస్ పోప్ అనే ఆయన విద్యుత్తుతో పనిచేసే దొంగల గంటకు పేటెంటు పొందారు. తలుపు తెరిస్తే వలయం పూర్తయి గంట మోగేది. అలాంటి ఏర్పాటుకు ఒక లోపం ఉంటుంది: తీగ ముందే తెంపేస్తే తలుపు తెరిచినా మోగదు. దాన్ని తిరగేసి, వలయం ఎప్పుడూ మూసి ఉండేలా, తెగితే మోగేలా చేస్తే ఆ లోపం పోతుంది. కానీ ఇంకొకటి పుడుతుంది. పగటిపూట, అలారం ఆపి ఉన్నప్పుడు, ఎవరైనా రెండు తీగలను కలిపేసి వెళ్తే? ప్యానెల్‌కు ఆ తలుపు శాశ్వతంగా మూసే ఉన్నట్టు కనిపిస్తుంది. రాత్రి బార్లా తెరిచినా దానికి తెలియదు.

ఈ రెండు దారులనూ మూసేదే ఆ చిన్న రెసిస్టర్, అంటే కరెంటును ఇంతని కొలిచినట్టు అడ్డుకునే భాగం. ఉదాహరణకు 5,600 ఓమ్‌లది తీసుకోండి. ఆకుపచ్చ, నీలం, ఎరుపు పట్టీలు ఉంటాయి, ఆ పక్కన బంగారు రంగు పట్టీ ఒకటి. అది తీగ చివర, సెన్సర్ పక్కనే ఉన్నప్పుడు ప్యానెల్ ఎప్పుడూ 5,600 ఓమ్‌ల కోసం చూస్తుంటుంది. తలుపు తెరిచినా తీగ తెగినా నిరోధం అనంతమవుతుంది. తీగలు కలిపితే సున్నా అవుతుంది. రెండూ ప్యానెల్‌కు తెలిసిపోతాయి. అలాంటివే రెండు రెసిస్టర్లు వాడే పద్ధతిలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది: 5,600 అయితే తలుపు మూసి ఉంది, 11,200 అయితే తెరిచారు, సున్నా గానీ అనంతం గానీ అయితే తీగతో ఎవరో ఆటలాడారు.

రెసిస్టర్‌ను తెచ్చి ప్యానెల్ పెట్టెలో బిగిస్తే తీగ పొడవునా ఆ కాపలా పోయినట్టే. తలుపు దగ్గర తీగలు కలిపేసినా ప్యానెల్‌కు 5,600 ఓమ్‌లే కనిపిస్తాయి. ఒకసారి ఒక పరిచయస్తుల కార్యాలయంలో ప్యానెల్ మూత తీస్తే ఎనిమిది రెసిస్టర్లూ టెర్మినళ్ల మీద వరసగా, ఎంతో పొందికగా బిగించి ఉన్నాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంది. కానీ ఎనిమిది జోన్లలో ఒక్కదానికీ షార్ట్ నుంచి, అంటే తీగలు కలిపేయడం నుంచి రక్షణ లేదు. ఆ పని చేసిన మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే, ఎందుకంటే ఆ కార్యాలయం వాళ్లు ఏళ్ల తరబడి నిశ్చింతగా తాళం వేసి వెళ్లారు.

మీ విషయంలో మెకానిక్‌ను మళ్లీ పిలిచి రెసిస్టర్‌ను తలుపు దగ్గరికే చేర్పించండి. అసలు రోగం బహుశా తలుపు దగ్గరి వదులైన అతుకులోనో, తలుపు సెన్సర్‌లోని అయస్కాంతానికీ స్విచ్‌కూ మధ్య పెరిగిన ఎడంలోనో ఉండి ఉంటుంది. తలుపు కుంగితే ఆ ఎడం పెరుగుతుంది. దాన్ని సరిచేయకపోతే ఆ తెరిచినట్టు చూపడం మళ్లీ మొదలవుతుంది.

ప్రశ్న: అలారం మధ్యాహ్నం పూట మాత్రమే, ఎవరూ లేనప్పుడు మోగుతోంది. సెన్సర్ చెడిపోయిందా?

కొత్త సెన్సర్ కొనేముందు ప్యానెల్‌లోని ఈవెంట్ లాగ్ తెరిచి, మోగింది ఏ జోనో, ఏ సమయానికో చూడండి. కదలిక సెన్సర్ నిజానికి కదలికను చూడదు, కదిలే వేడిని చూస్తుంది. లోపలి లెన్సు గదిని విసనకర్ర ఆకుల్లా విభజిస్తుంది. మనిషి ఒక ఆకు నుంచి ఇంకో ఆకులోకి అడ్డంగా నడిస్తే వేడిలో మార్పు బాగా తెలుస్తుంది, నేరుగా సెన్సర్ వైపు వస్తే అంత బాగా తెలియదు. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ నేల మీద పడి జరుగుతున్నా, వేడెక్కిన తెర గాలికి ఊగినా, ఏసీ గాలి దాని ముందు వీచినా అది భ్రమపడవచ్చు. లెన్సు మీద సాలీడు పాకినా అంతే, ఎందుకంటే అంత దగ్గర్లో అది పెద్ద ఆకారం.

లెన్సును పొడి బట్టతో తుడవండి. సెన్సర్ కిటికీకి ఎదురుగా ఉంటే మూలకు మార్చండి. దాని లోపల పల్స్ కౌంట్ (ఎన్నిసార్లు మార్పు కనిపిస్తే స్పందించాలో చెప్పేది) అనే చిన్న జంపర్ మీట ఉంటే ఒక మెట్టు పెంచండి. ఇవన్నీ చేసినా తగ్గకపోతే అప్పుడు క్రాస్ జోన్ పెట్టవచ్చు: నిర్ణీత సమయంలో రెండు సెన్సర్లు స్పందిస్తేనే మోగుతుంది. దాన్ని ఆఖరి మార్గంగానే ఉంచండి. రెండో సెన్సర్ దాకా పోకుండా పని ముగించుకునే దొంగ ఉంటే అది మౌనంగా ఉండిపోతుంది.

ప్రశ్న: నాలుగు అంకెల కోడ్ చాలా?

నాలుగు అంకెలతో 10,000 కోడ్‌లు వస్తాయి. తప్పు కోడ్‌లు వరసగా నొక్కితే తాళం పడే ఏర్పాటు ఆన్‌లో ఉంటే చాలు. అయితే మీ కీప్యాడ్‌ను వెలుగుకు వాలుగా పట్టి చూడండి. నాలుగు మీటల మీద మాత్రమే అచ్చు అరిగి నిగనిగలాడుతుంటే ఆ 10,000 కాస్తా 24కు పడిపోతాయి. అందుకే మీటలు అరిగేలోపే కోడ్ మారుస్తూ ఉండండి.

ప్రశ్న: కీప్యాడ్ రాత్రిళ్లు బీప్‌మంటోంది, పసుపు దీపం వెలుగుతోంది.

బ్యాటరీ అయి ఉండవచ్చు. పసుపు దీపం సాధారణంగా ఏదో లోపం ఉందని చెబుతుంది. ఏ లోపమో తెలియాలంటే కీప్యాడ్ చూపే సంఖ్యను పుస్తకంలోని పట్టికతో పోల్చి చూడండి. పెట్టెలోని 12 వోల్టుల సీసం బ్యాటరీ మూడు నుంచి ఐదేళ్లు పనిచేస్తుంది. పక్కలు ఉబ్బి ఉంటే అందులోనే ఉంచకండి, వెంటనే తీయించండి. కొత్తది 7 ఆంపియర్-అవర్లది అనుకుందాం. ప్యానెల్, కీప్యాడ్, సెన్సర్లు కలిసి 300 మిల్లీఆంపియర్లు వాడితే కాగితం మీద 23 గంటలు వస్తుంది, నిజంలో అంతకంటే తక్కువే. సైరన్ మోగితే ఇంకా త్వరగా తరుగుతుంది. మార్చేటప్పుడు కరెంటు ప్లగ్గు తీసి, ఎరుపు ఎటో నలుపు ఎటో రెండుసార్లు చూసుకోండి.

ప్రశ్న: ల్యాండ్‌లైన్ తీసేసి ఇంటర్నెట్ ఫోను పెట్టించాం. అప్పటి నుంచి అలారం పర్యవేక్షణ కేంద్రానికి సరిగా చేరడం లేదట.

పాత ప్యానెళ్లు చాలావరకు కాంటాక్ట్ ఐడీ పద్ధతిలో ఫోను మీటల ధ్వనులతోనే మాట్లాడతాయి. ఖాతా సంఖ్య, సంఘటన, జోన్ అన్నీ అంకెలే: 130 అంటే దొంగతనం, 110 అంటే అగ్ని, 302 అంటే బ్యాటరీ తగ్గింది, 602 అంటే నిర్ణీత వ్యవధిలో జరిగే పరీక్ష. ఇంటర్నెట్ ఫోను మన గొంతుకు తగ్గట్టు ధ్వనిని కుదించి పంపుతుంది, ఆ కుదింపులో ఈ ధ్వనులు చెదిరిపోతాయి. రౌటర్‌కు కరెంటు పోయినా దారి మూసుకున్నట్టే. ప్యానెల్‌కు నేరుగా ఇంటర్నెట్ లేదా మొబైల్ కమ్యూనికేటర్ (కబురు పంపే పరికరం) పెట్టించడమే పరిష్కారం. మొబైల్‌ది కొంటుంటే 2జీ మీద మాత్రమే నడిచేది తీసుకోకండి, చాలా దేశాల్లో ఆ నెట్‌వర్కులు మూతపడుతున్నాయి.

ప్రశ్న: నాన్నగారికి వయసు మీద పడింది. కీప్యాడ్ బీప్ వినగానే కంగారుపడి తప్పు అంకెలు నొక్కుతారు. రెండుసార్లు సైరన్ మోగి ఇరుగుపొరుగు వచ్చారు. ఇక అలారమే వద్దంటున్నారు. ఏం చేయాలి?

అమ్మా, తప్పు మీ నాన్నగారిది కాదు, అలారాన్ని ఆయన నడకకు తగ్గట్టు ప్రోగ్రామ్ చేయలేదు. తలుపు తీసి కీప్యాడ్ దాకా ఆయన నడిచినప్పుడు పక్కనే ఉండి సెకన్లు లెక్కపెట్టండి, మీ నడక కాదు. తప్పు అంకెలు నొక్కితే మళ్లీ మొదటి నుంచి నొక్కడానికి మరో 10 సెకన్లు కలపండి. కీప్యాడ్ ట్యాగ్‌ను (కోడ్ బదులు దగ్గర పెడితే చాలే చిన్న బిళ్లను) చదవగలిగితే ఆయన తాళంచెవుల గుత్తికి ఒకటి తగిలించండి, అంకెల బాధే ఉండదు. లేకపోతే ఆయన వేళ్లకు అలవాటైన అంకెలతో విడిగా ఒక కోడ్ ఇవ్వండి. పుట్టిన సంవత్సరం మాత్రం వద్దు.

రాత్రి పూట స్టే మోడ్‌లో పెట్టండి. అప్పుడు తలుపులు, కిటికీలు కాపలాలో ఉంటాయి, లోపలి కదలిక సెన్సర్లు పక్కకు తప్పుకుంటాయి. ఆయన పడకగది నుంచి స్నానాల గదికి వెళ్లే దారిలోని సెన్సర్ ఆ పక్కకు తప్పుకునే జాబితాలో ఉందో లేదో జోన్ రకాన్ని చూసి నిర్ధారించుకోండి. సైరన్ మోగిన వెంటనే కేంద్రానికి కబురు పోకుండా 30 సెకన్ల అబార్ట్ సమయం కూడా పెట్టండి. ఆ లోపు కోడ్ నొక్కితే ఎవరికీ కబురు వెళ్లదు.

ఇవన్నీ మార్చాక ఒక పగటిపూట సైరన్ తీగ తాత్కాలికంగా విప్పి, నాన్నగారిని ఐదారుసార్లు బయటికి వెళ్లి లోపలికి రానివ్వండి. మీరు కీప్యాడ్ దగ్గర నిలబడకండి, కాస్త దూరంగా కూర్చోండి. ఆయనకు ఆ బీప్ మామూలు శబ్దం అయ్యాక, సైరన్ తీగ తిరిగి బిగించి, అది మోగుతుందో లేదో ఒక్కసారి పరీక్షించండి.