పోలీసుల మీద కోపం వచ్చిన అమ్మాయికి ఏ చదువు?

విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి బీఏ ఆఖరి ఏడాది. మా వీధి కుర్రాడిని దొంగతనం అనుమానంతో స్టేషన్‌కి తీసుకెళ్లి, రెండు రాత్రులు ఉంచి, కొట్టి పంపారు. కేసు కూడా లేదు. అప్పటి నుంచి ఇది పోలీసులు తప్పు చేస్తే అడిగే ఉద్యోగం చేస్తానంటోంది. అలాంటి ఉద్యోగం ఉందా? ఎస్సై కోచింగ్‌లో చేర్చాలా, లా చదివించాలా? నాకు టెన్షన్‌గా ఉంది."

ఆ పేరుతో ఉద్యోగం లేదండి. కానీ ఆ పని ఉంది, చాలా ఉంది, చేసేవాళ్లే తక్కువ.

2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర స్థాయిలో, జిల్లా స్థాయిలో విడిగా అథారిటీలు పెట్టమని చెప్పింది. డీఎస్పీ వరకు ఉన్నవాళ్ల మీద ఫిర్యాదులు జిల్లా అథారిటీ చూడాలి, దానికి రిటైరైన జిల్లా జడ్జి అధ్యక్షుడు. తన డిపార్ట్‌మెంట్ మీద తనే విచారణ చేసుకుంటే ఏం తేలుతుంది, అందుకని. అయితే వీటిలో ఉద్యోగం కొడదామని కూర్చుంటే మాత్రం వయసైపోతుంది, ముందే చెబుతున్నా. అక్కడికి వెళ్లే ఫిర్యాదు నిలబడేలా రాయగలిగిన మనిషి కావాలి, మీ అమ్మాయి అది నేర్చుకోవాలి.

అందుకే నా ఓటు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి. డిగ్రీలో ఓసీలకు 45 శాతం మార్కులుంటే లా కాలేజీల ప్రవేశ పరీక్ష ఏపీ లాసెట్ రాయొచ్చు. 120 ప్రశ్నలు, గంటన్నర, అందులో సగం లా ఆప్టిట్యూడే. తెలుగులో కూడా రాయొచ్చు. గుంటూరు, విజయవాడల్లోనే లా కాలేజీలు ఉన్నాయి, హాస్టల్ బెంగ అక్కర్లేదు.

ఎస్సై సంగతి. తప్పేం లేదు, లోపల మంచి మనిషి ఒకరుంటే ఆ స్టేషన్ గాలే మారుతుంది, నేను చూశాను. కానీ ట్రైనింగ్‌లో మానవ హక్కుల క్లాసు విని, నోట్స్ రాసుకుని వచ్చిన కుర్ర ఎస్సైకి మొదటి పోస్టింగ్‌లో ఎవరో సీనియర్ "అవన్నీ పరీక్షకి బాబూ, దొంగసొత్తు రికవరీ చూపించు" అంటాడు, అక్కడితో సగం ట్రైనింగ్ పోతుంది. క్లాసులు పెంచితే చాలనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. బయటి నుంచి అడిగేవాడు ఉన్నప్పుడే లోపలి క్లాసు గుర్తొస్తుంది. మీ అమ్మాయికి యూనిఫాం మీద ఇష్టముంటే సరే, కోపంతో మాత్రం వద్దు.

మీ వీధి కుర్రాడి విషయమే తన మొదటి పాఠం అనుకోమనండి. పట్టుకున్న 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుంది. 1996లో డి.కె. బసు తీర్పు ప్రకారం అరెస్టు మెమో, అంటే అరెస్టు వివరాలు రాసిన కాగితం, ఉండాలి, దాని మీద ఇంటివాళ్లదో వీధి పెద్దమనిషిదో సంతకం ఉండాలి, పట్టుకెళ్లేవాళ్ల పేరు బ్యాడ్జీ మీద కనిపించాలి. 2020లో పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పు స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టమంది, ఫుటేజ్ కనీసం ఏడాది ఉంచమంది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి ఫిర్యాదు తెలుగులోనే, పైసా కట్టకుండా పంపొచ్చు, ఘటన జరిగి ఏడాది దాటితే మాత్రం తీసుకోరు. మీవాడికి ఇంకా టైం ఉందా?

లా చదువుతుండగానే ఆ కమిషన్ వాళ్ల రెండు వారాల ఆన్‌లైన్ ఇంటర్న్‌షిప్‌కి పెట్టుకోవచ్చు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో జనానికి న్యాయసాయం అందేలా చూసే పారా లీగల్ వాలంటీర్‌గా తిరగొచ్చు. లాయరుగా ఎన్‌రోల్ అయ్యాక, నిందితుల తరఫున ఉచితంగా వాదించే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ఆఫీసులో అసిస్టెంట్ పోస్టులు కొత్తవాళ్లకే ఉంటాయి. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయసాయం హక్కు కాబట్టి, స్టేషన్ నుంచి రిమాండ్‌కి, అంటే మేజిస్ట్రేట్ ముందుకి, వచ్చిన మనిషి ఒంటి మీద దెబ్బలు చూడాల్సినవాళ్లలో ఈ లాయర్లూ ఉంటారు. మొదట్లో పెద్ద సంపాదన ఉండదు, మూడు నాలుగేళ్లు ఇంటి అండ కావాలి. మీరు టెన్షన్ పడాల్సింది దాని గురించి, పోలీసులతో గొడవల గురించి కాదు. కాగితాలు చేతిలో ఉన్న లాయరుతో పోలీసులు చాలాసార్లు మర్యాదగానే మాట్లాడతారు.

ఇంకోటి, లాసెట్‌కి డబ్బు కట్టే ముందు ఒక వారం బెజవాడ కోర్టులకు పంపండి. రిమాండ్ జరిగేటప్పుడు వెనక బెంచీలో కూర్చోమనండి, మామూలుగా ఎవరూ ఆపరు. వారం తర్వాత కూడా వెళ్తానంటే ఫారం నింపించండి.