స్విట్జర్లాండ్‌లో అక్కడి కొండ కథతో ముడిపడిన స్వీట్ ఏదైనా తిన్నారా? రుచి ఎలా ఉంటుంది, ఇంట్లో చేసుకోవచ్చా?

తిన్నానండీ, రెండేళ్ళపాటు తింటూనే ఉన్నాను. ఆఫీసు పని మీద సెయింట్ గాలెన్‌లో ఉన్నప్పుడు, మా వీధి చివరి బేకరీ అద్దాల వెనక గుండ్రంగా, ముదురు గోధుమ రంగులో, పైన ఎలుగుబంటి అచ్చు వేసిన బిళ్ళలు వరసగా పేర్చి ఉండేవి. పేరు బీబర్. ఫోన్‌లో డిక్షనరీ చూస్తే, బీవర్ అనే నీటి జంతువు అని చెప్పింది. బొమ్మ చూస్తే ఎలుగుబంటి. మా అమ్మ అప్పుడే ఇండియా నుంచి వచ్చింది. దాన్ని తిప్పి తిప్పి చూసి, "ఒరేయ్, ఇందులో ఏ జంతువునీ వెయ్యలేదు కదా?" అంది.

వెయ్యలేదు. మసాలా దినుసులకి వాడిన పాత లాటిన్ మాట ఒకటి జనం నోళ్ళలో నలిగి నలిగి బీబర్ అయింది, అంతే. తేనె, పిండి, మసాలాలతో చేసిన మెత్తటి రొట్టె, మధ్యలో బాదం ముద్ద. పైన ఆ ఎలుగుబంటి ఎందుకుందో తెలియాలంటే మాత్రం కథ చెప్పాలి.

క్రీ.శ. 612 ప్రాంతం. కొలంబానుస్ అనే గురువు వెంట వచ్చిన గాలుస్ అనే సన్యాసి జ్వరం తగిలి ఆగిపోయాడు. కోలుకున్నాక హిల్టిబోడ్ అనే తోడుని వెంటబెట్టుకుని, తపస్సుకి చోటు వెతుకుతూ ష్టైనాహ్ వాగు వెంబడి అడవిలోకి నడిచాడు. జలపాతం దగ్గర ముళ్ళపొదలో పడ్డాడు. ఇదే దేవుడు చూపించిన చోటు అనుకుని అక్కడే ఆగాడు. వాగులో చేపలు పట్టి, కాల్చుకుని తిన్నారు. రాత్రి మిగిలిన తిండి కోసం కొండ మీంచి ఎలుగుబంటి దిగింది. హిల్టిబోడ్ నిద్ర నటిస్తూ ఓరకంట చూస్తున్నాడు. గాలుస్ మాత్రం కదలకుండా, "దేవుడి పేరు మీద చెబుతున్నా, కట్టె తెచ్చి మంటలో వెయ్యి" అన్నాడు. అది పెద్ద దుంగ మోసుకొచ్చి వేసింది. గాలుస్ తన సంచిలోంచి రొట్టె తీసిచ్చి, ఇక ఈ లోయ జోలికి రాకుండా కొండల్లోనే ఉండమని పంపేశాడు.

నాకు ఈ కథలో నచ్చేది అదే. జంతువుని చంపలేదు, మంత్రం వేసి మాయం చెయ్యలేదు. పని చేయించుకున్నాడు, కూలి ఇచ్చాడు, పొలిమేర దాటించాడు. మా అమ్మ విని, "జాంబవంతుడి వంశం అయ్యుంటుంది, మాట విన్నది" అని తేల్చేసింది.

ఆ చోట 719లో మఠం వెలిసింది, దాని చుట్టూ సెయింట్ గాలెన్ ఊరు పెరిగింది. మఠం లైబ్రరీలో ట్యుటిలో అనే సన్యాసి ఏనుగు దంతం మీద చెక్కిన పుస్తకం అట్ట ఉంది, సుమారు 1,100 ఏళ్ళ నాటిది. అందులో ఎలుగుబంటి రెండుసార్లు కనిపిస్తుంది. ఒకవైపు దుంగ మోస్తూ, మరోవైపు గాలుస్ చేతిలోంచి రొట్టె అందుకుంటూ. మీరు వెళ్తే మఠం వెనకే ఉన్న మ్యూలెగ్ రైలెక్కండి. ఏటవాలుగా పాకుతూ వాగు పక్కనే పైకి తీసుకెళ్తుంది, 1893 నుంచి నడుస్తోంది. కథలోని జలపాతం అక్కడే.

పక్కనే ఉన్న ఆపెన్‌జెల్ ప్రాంతం వాళ్ళకీ ఎలుగుబంటే గుర్తు, వాళ్ళకీ బీబర్ ఉంది. ఎవరిది అసలైనదని అడగొద్దు, ఇద్దరూ చిన్నబుచ్చుకుంటారు. ఆ ఎలుగుబంటి విషయంలో ఆపెన్‌జెల్ వాళ్ళకి పట్టింపు ఎంతంటే, 1579లో సెయింట్ గాలెన్‌లోని ఒక ప్రింటర్ క్యాలెండర్‌లో ఆపెన్‌జెల్ ఎలుగుబంటిని మగ గుర్తు లేకుండా వేశాడు. మా ఎలుగుబంటిని ఆడది చేస్తారా అని గొడవ దాదాపు యుద్ధం దాకా వెళ్ళింది!

ఇక రుచి. మొదటి ముక్క కొరికితే అంత తీపి అనిపించదు. ముందు తేనె తగులుతుంది, తర్వాత దాల్చినచెక్క, లవంగం, అనాసపువ్వు, ధనియాలు. అవును, ధనియాలే! మా అమ్మ అందుకే ఒప్పుకుంది, "మన పోపులపెట్టె వాసన" అని. మధ్యలో బాదం ముద్ద తడితడిగా, కాస్త నిమ్మ వాసనతో ఉంటుంది. బొమ్మ అచ్చుని చెక్క మీద చెక్కుతారు. మన పంచదార చిలకల అచ్చు చూసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. పైన మెరుపు కోసం, బంగాళదుంప పిండిని దోరగా వేయించి, నీళ్ళలో కాచి, వేడివేడిగా పూస్తారు.

ఇంట్లో చేసుకోవచ్చు. నేను 250 గ్రాముల తేనె, 125 గ్రాముల పంచదార కరిగించి, చల్లారాక అర కిలో మైదా, కొద్దిగా పాలు, మసాలా పొడి, వంటసోడా కలుపుతాను. అక్కడి బేకరీల్లో సోడా బదులు, మన బిస్కెట్ల బేకరీల్లో వాడే అమోనియా లాంటిది వేస్తారు. ఓవెన్‌లో ఘాటు చూసి భయపడొద్దు, కాలాక పోతుంది. రెండు పల్చటి పొరల మధ్య బాదం పొడి, తేనె, నిమ్మరసం కలిపిన ముద్ద పెట్టి, అంచులు నొక్కి, 200 డిగ్రీల దగ్గర పావుగంట పెడితే చాలు. మొదటిసారి నేను రెండు తప్పులు చేశాను. పిండిని రాత్రంతా నాననివ్వలేదు, రంగు ఇంకా రావాలని పది నిమిషాలు ఎక్కువ ఉంచాను. అమ్మ కొరకబోయి ఆగి, "దీనికి రోలు కావాలిరా" అంది. చివరికి టీలో ముంచుకుని తిన్నాం, బానే ఉంది.

బేకరీ నుంచి తెచ్చినదైతే, కోడిగుడ్డు తినని వాళ్ళు ప్యాకెట్ మీద పదార్థాలు చదివి కొనండి. గాలి తగలని డబ్బాలో వారాల తరబడి నిలవుంటుంది. గట్టిపడితే డబ్బాలో ఒక యాపిల్ ముక్క వేసి మూత పెట్టండి, మర్నాటికి మెత్తబడుతుంది. ముక్క మాత్రం రోజూ మార్చాలి, లేకపోతే బూజు పడుతుంది.