టెక్ సందేహాలు: బేస్ గిటార్ తీగలు దించే ముందు నెక్ చూడండి

ప్రశ్న: నాది నాలుగు తీగల ఎలక్ట్రిక్ బేస్. తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయని వీడియోలు చూసి బ్రిడ్జ్ (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే లోహపు భాగం) మీది చిన్న స్క్రూలు తిప్పి దించాను. ఇప్పుడు పన్నెండో ఫ్రెట్ (వేళ్లతో నొక్కే చోట అడ్డంగా ఉండే లోహపు గీత) దాటితే చాలు గరగరమంటోంది, అయిదు, ఏడు ఫ్రెట్ల దగ్గర మాత్రం ఇంకా గట్టిగానే నొక్కాల్సి వస్తోంది. ఇంకా దించాలా, మళ్లీ ఎత్తాలా?

జవాబు: ముందు ఎత్తండి. మీరు చెప్పిన లక్షణాలు రెండూ కలిస్తే దాదాపుగా ఒకటే అర్థం, మీ నెక్ (ఫ్రెట్లు ఉండే పొడవాటి చెక్క కాడ) ముందుకు ఎక్కువగా వంగింది. మామూలు మందం తీగలు నాలుగూ శ్రుతిలో ఉన్నప్పుడు నెక్ మీద మొత్తం 70-80 కిలోల లాగుడు ఉంటుంది. దాన్ని ఆపడానికే చెక్క లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ పెడతారు. అది వదులైతే నెక్ విల్లులా వంగి నడుమ పల్లం పడుతుంది, అక్కడ తీగ ఎత్తుగా అనిపిస్తుంది. మీరు బ్రిడ్జ్ వైపు దించారు కాబట్టి తీగ పోయి పై ఫ్రెట్లకు తగులుతోంది తప్ప నడుమ పల్లం అలాగే ఉంది. చాలామంది చేసే పొరపాటే ఇది, స్క్రూలు కంటికి కనిపిస్తాయి కదా, చెయ్యి ముందు అక్కడికే పోతుంది. నెక్, తర్వాత తీగల ఎత్తు, తర్వాత ఇంటొనేషన్ (ఏ ఫ్రెట్ నొక్కినా స్వరం శ్రుతిలో పలకడం), చివర్లో పికప్‌లు (తీగ కదలికను పట్టే అయస్కాంతాలు). ఈ వరస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

నెక్ వంపు కొలవడానికి పెద్ద సామాను అక్కర్లేదు, తీగే స్కేలు. శ్రుతి చేసి, గిటార్‌ను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టకుండా, వాయించేటప్పుడు పట్టుకున్నట్టే ఒళ్లో పెట్టుకోండి. మొదటి ఫ్రెట్‌కు కాపో (తీగలన్నిటినీ కలిపి నొక్కి ఉంచే క్లిప్పు) బిగించి, లావు తీగను చివరి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో నొక్కి, రెండో చేతి వేలితో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగ మీద మెల్లగా తట్టండి. 'టిక్' మని చిన్న చప్పుడు వస్తూ తీగ కొద్దిగా కదిలితే వంపు ఉన్నట్టు, కదలకపోతే నెక్ తిన్నగా ఉన్నట్టో వెనక్కి వంగినట్టో. తీగకు, ఎనిమిదో ఫ్రెట్‌కు మధ్య సందు ఎంత ఉండాలంటే, ఫెండర్ కంపెనీ తన బేస్‌లకు చెప్పే లెక్క ఫ్రెట్‌బోర్డు (ఫ్రెట్లు బిగించిన పలక) గుండ్రాన్ని బట్టి 0.25 నుంచి 0.35 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకులు) ఉంటే మంచిది, లేకపోతే విజిటింగ్ కార్డు మందం ఇంచుమించు అంతే. మీ బేస్‌లో ఆ కార్డు వదులుగా ఆడుతుందని నా అంచనా.

ఇక ట్రస్ రాడ్. దాన్ని తిప్పే కీ సరిగ్గా ఆ సైజుదే ఉండాలి, వదులుగా పట్టే కీతో తిప్పితే లోపలి అంచులు అరిగిపోతాయి, తర్వాత బాగుచేయడం చాలా కష్టం. గడియారం ముళ్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది, వంపు తగ్గుతుంది. తీగలు కాస్త వదులు చేసి, ఒకసారికి పావు చుట్టుకు మించకుండా తిప్పి, మళ్లీ శ్రుతి చేసి, కాసేపు ఆగి కొలవండి. చెక్క వెంటనే సర్దుకోదు, మర్నాటికి ఇంకొంచెం కదలొచ్చు. బలం పెట్టినా తిరగడం లేదంటే అక్కడితో ఆపేయండి, దయచేసి.

నెక్ కుదిరాకే శాడిల్స్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న దిమ్మలు) జోలికి వెళ్లండి. పదిహేడో ఫ్రెట్ మీద, ఫ్రెట్ పైనుంచి తీగ అడుగు దాకా కొలవాలి. లావు తీగకు 2.4 మిల్లీమీటర్లు, సన్న తీగకు 2 మిల్లీమీటర్లు మొదలుపెట్టడానికి మంచి కొలతలు. లావు తీగ ఊగే వెడల్పు ఎక్కువ కాబట్టి దానికి ఎక్కువ చోటు కావాలి. ఒక్కో శాడిల్‌కు రెండు బుల్లి అలెన్ స్క్రూలుంటాయి, రెండింటినీ సమానంగా తిప్పండి, శాడిల్ ఒక పక్కకు ఒరగకూడదు. అసలు పరీక్ష మాత్రం మీ చెయ్యే. ఇంట్లో మెల్లగా మీటి సరిపోయిందనుకుంటే రిహార్సల్‌లో గట్టిగా మీటగానే గరగర మొదలవుతుంది, నాకు అలా జరిగింది. మీరు మామూలుగా ఎంత గట్టిగా వాయిస్తారో అంతే గట్టిగా వాయించి చూడండి. ఆంప్‌లో వినిపించని కొద్దిపాటి గరగర ఉంటే నేనైతే వదిలేస్తాను.

ఎత్తు మారితే ఇంటొనేషన్ కూడా మారుతుంది. పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగను నొక్కకుండా వేలు తాకించి పలికించే స్వరం) మోగించి, అదే ఫ్రెట్ నొక్కి మోగించి ట్యూనర్‌లో పోల్చండి. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే శాడిల్‌ను నెక్‌కు దూరంగా జరపాలి, తక్కువైతే దగ్గరికి. 1951లో వచ్చిన ఫెండర్ వారి తొలి ప్రెసిషన్ బేస్‌కు రెండు తీగలకు కలిపి ఒక్క శాడిలే ఉండేది, ఒక తీగకు కుదిరితే పక్కదానికి కుదిరేది కాదు. 1957లో తీగకొక శాడిల్ వచ్చింది. ఆ వెసులుబాటు మీ చేతిలో ఉంది, వాడుకోండి. ఈ పని మాత్రం కొత్త తీగలతోనే చేయండి, పాత తీగలు హార్మోనిక్‌కు ఒకటి, నొక్కితే ఇంకొకటి చూపించి టెన్షన్ పెడతాయి.

ప్రశ్న: ఫోన్‌లోని ట్యూనర్ యాప్ సన్న తీగలను చక్కగా పడుతోంది, లావు తీగ దగ్గరికొచ్చేసరికి సూది అటూ ఇటూ గంతులేస్తోంది. యాప్ మార్చాలా?

జవాబు: యాప్ తప్పు కాకపోవచ్చు. ఆ తీగ పలికేది దాదాపు 41 హెర్ట్జ్, ఫోన్ మైకులు మాట కోసం తయారైనవి, అంత కింది స్వరాన్ని సరిగా అందుకోవు. అసలు స్వరం బదులు దాని పై స్వరాలు గట్టిగా వినపడేసరికి యాప్ తికమకపడుతుంది. పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ మోగించండి, 82 హెర్ట్జ్ దగ్గర వస్తుంది, చాలా ఫోన్లు దాన్ని పట్టేస్తాయి. కేబుల్ పెట్టే పెడల్ ట్యూనర్ ఉంటే ఇంకా మేలు. టోన్ నాబ్ తగ్గించి బొటనవేలి కండతో మెత్తగా మీటితే సూది నిలుస్తుంది.

ప్రశ్న: ఏ ఫ్రెట్ నొక్కినా శుభ్రంగా పలుకుతుంది. తీగను ఖాళీగా మోగిస్తే మాత్రం గరగర. ఎక్కడ తిప్పాలి?

జవాబు: నెక్ వెనక్కి వంగలేదని పైన చెప్పిన పద్ధతిలో నిర్ధారించుకున్నాక, చూడాల్సింది నట్, అంటే నెక్ పై చివర తీగలు గాళ్లలోంచి పోయే చిన్న పట్టీ. మూడో ఫ్రెట్ దగ్గర తీగను నొక్కి మొదటి ఫ్రెట్ మీద చూడండి, వెంట్రుక మందమైనా సందు ఉండాలి. లేదంటే నట్‌లో ఆ తీగ గాడి లోతైపోయింది. శాడిల్ ఎత్తి సర్దుకుందామంటే పై ఫ్రెట్లన్నీ పాడవుతాయి, గరగర మాత్రం పూర్తిగా పోదు. గాడి నింపడమో నట్ మార్చడమో చేయాలి, దాన్ని గిటార్ రిపేరు తెలిసినవారికే ఇవ్వండి, గాడి ఒక్కసారి ఎక్కువ అరగదీస్తే వెనక్కి రాదు. ఇచ్చేముందు మీరు రోజూ వాడబోయే మందం తీగలే ఎక్కించి ఇవ్వండి, గాడి వెడల్పు వాటిని బట్టే తీస్తారు.