తలుపుకి నీలం నోటీసు

ప్రశ్న: ఎడిటర్ గారూ, మేం లండన్‌లో ఉంటాం. వీధి చివర మూతపడ్డ పబ్‌ని ఎవరో తీసుకుని రాత్రి 2 దాకా మందు, డీజే పెడతారంట, తలుపుకి లేత నీలం నోటీసు అంటించారు. ఇంట్లో చంటిబిడ్డ ఉంది. ఆపించగలమా?
– ఒక పాఠకురాలు

జవాబు: పూర్తిగా ఆపించడం కష్టమేనండీ, కానీ టైం తగ్గించొచ్చు. అక్కడి 2003 లైసెన్సింగ్ చట్టం ప్రకారం పబ్ వాళ్లు లైసెన్సుకి అప్లికేషన్ ఇచ్చిన మర్నాటి నుంచి 28 రోజులే గడువు, ఆ లోపు కౌన్సిల్‌కి, అంటే అక్కడి మున్సిపాలిటీకి, అభ్యంతరం రాసి పంపాలి, చివరి తేదీ నోటీసులోనే ఉంటుంది, ముందు దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. "తాగడం పాపం", "ఇంటి రేటు పడిపోద్ది" లాంటివి రాస్తే పక్కన పడేస్తారు. నేరాలు, ప్రజల భద్రత, చుట్టుపక్కల వాళ్లకి ఇబ్బంది, పిల్లలకి హాని, ఈ నాలుగే చూస్తారు. అందుకే బిడ్డ పడుకునే గది కిటికీకి పబ్ పెరడు ఎన్ని అడుగుల దూరమో రాయండి, అదీ పాయింటంటే. మీ పేరు, అడ్రస్ మామూలుగా పబ్ వాళ్లకీ వెళ్తాయి, రోజూ ఎదురుపడే మొహాలు కదా, చూసుకోండి. తర్వాత ముగ్గురు కౌన్సిలర్లు హియరింగ్ పెట్టి, 11 దాటాక మ్యూజిక్ కట్, పెరట్లో కూర్చోవడం బంద్ లాంటి షరతులతో తేల్చేయొచ్చు. నచ్చకపోతే 21 రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టులో అప్పీల్ ఉంది గానీ ఓడితే అవతలివాళ్ల ఖర్చు కూడా మీ నెత్తిన పడొచ్చు.