ఆరుగురికి ఆరు రకాల పాస్తా చెబితే…

ప్రశ్న: మేం ఆరుగురం స్నేహితులం కలిసి దగ్గరలోని ఒక చిన్న ఇటాలియన్ రెస్టారెంట్‌కి వెళ్తుంటాం. ఎవరికి నచ్చింది వాళ్లు చెప్పుకుంటాం. ఒకరి ప్లేటు ముందొస్తుంది, ఇంకొకరిది పావుగంట తర్వాత వస్తుంది. అందరివీ వచ్చేదాకా ఆగితే మొదటివి ముద్దకట్టేస్తున్నాయి. తప్పు వంటవాళ్లదా, మాదా?

జవాబు: మీరు ఆర్డర్ చెప్పే పద్ధతిదే ఎక్కువ. చిన్న వంటగదిలో పనిచేసేది ఒకరిద్దరే, పొయ్యిలూ నాలుగో ఆరో ఉంటాయి. పాస్తా ఉడకడం ఒక ఎత్తు, చివర్లో దాన్ని సాస్‌లో వేసి, పాస్తా ఉడికిన నీళ్లు కాస్త పోసి, ఎగరేస్తూ కలపడం ఇంకో ఎత్తు. ఈ కలపడం ఒక ప్యాన్‌లో రెండు మూడు ప్లేట్లకు మించి సరిగా కుదరదు. మీరు ఆరు రకాలు చెప్పారంటే ఆరు ప్యాన్లు, ఆరు సాస్‌లు, ఆరు వేర్వేరు సమయాలు. ఎండు స్పఘెట్టీకి ఎనిమిది నుంచి పన్నెండు నిమిషాలు పడుతుంది. అప్పటికప్పుడు చేసిన తాజా తాల్యాతెల్లెకి రెండు మూడు నిమిషాలు చాలు. రిసొట్టో బియ్యానికి పదహారు నుంచి ఇరవై నిమిషాలు కావాలి, పక్కనే నిలబడి కలుపుతూ ఉండాలి కూడా. పాస్తా రేకుల్ని పొరలుగా పేర్చి చేసే లజాన్యా ముందే చేసి ఉంటుంది, ఓవెన్‌లో వేడి చేస్తారంతే. ఇవన్నీ ఒకే నిమిషంలో బల్ల మీదికి రావాలంటే ఎలా?

ఆరుగురూ కలిసి రెండు రకాలే ఎంచుకోండి, మరీ అయితే మూడు. ఒక్కో రకం రెండు మూడు ప్లేట్లు చెప్పి మధ్యలో పెట్టుకుని పంచుకోండి. రిసొట్టో కావాలంటే కనీసం ఇద్దరికి చెప్పండి. చాలా చోట్ల అదే నియమం, ఒక్క ప్లేటు కోసం ఒక మనిషిని పొయ్యి దగ్గర కట్టేయలేరు కాబట్టి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే రిసొట్టో సంగతి ముందు చెబితే మిగతావాటిని దాని వేళకు సర్దుతారు.

ఇక ముద్దకట్టడం గురించి. పాస్తా పైన అంటుకున్న గంజి చల్లారేకొద్దీ బిగుస్తుంది. లోపలి పిండి సాస్‌లోని నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది. అన్నిటికంటే సున్నితమైనది కార్బొనారా. అందులో క్రీమ్ ఉండదు, గుడ్డు సొన, పెకొరీనో చీజ్, పంది చెంప మాంసమైన గ్వాంచాలే, మిరియాలు మాత్రమే. సొన చిక్కబడటం 65 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల మొదలవుతుంది, వేడి ఇంకా పెరిగితే పొరటులా విరిగిపోతుంది, చల్లారితే కొవ్వు గడ్డకడుతుంది. చీజ్, మిరియాలతో చేసే కాచో ఎ పేపే పాస్తా కూడా ఇలాంటిదే. ఈ రెండూ ప్లేటు దిగిన వెంటనే తినాల్సినవి, మర్యాద కోసం ఎదురుచూడకూడదు. కబుర్లు ఎక్కువ నడిచే బృందమైతే రాగూతో (మాంసం సాస్) రిగటోనీ అనే గొట్టాల పాస్తా, లజాన్యా చెప్పుకోండి. అవి పది నిమిషాలు ఆగినా పెద్దగా చెడవు.

ప్రశ్న: మెనూలో ఆంటిపాస్టి, ప్రిమి, సెకొండి, కొంటోర్ని, డోల్చి అని ఐదు భాగాలుంటాయి. అన్నిట్లోంచీ ఒక్కొక్కటి చెప్పాలా? ఆరుగురికి ఎంత సరిపోతుంది?

జవాబు: అన్నీ చెప్పనక్కర్లేదు. ఇటలీవాళ్లే మామూలు రోజుల్లో అలా తినరు. వరసగా అవి ముందుగా తినే చిరుపదార్థాలు, పాస్తా లేదా రిసొట్టో లేదా సూప్, మాంసం లేదా చేప, పక్కన తినే కూరగాయలు, తీపి. చాలామంది తడబడేది మూడో భాగం దగ్గర. సెకొండో ఒంటరిగా వస్తుంది, ప్లేటులో కూరగాయలు ఉంటాయని ఆశించకండి, కొంటోర్నో విడిగా చెప్పాల్సిందే.

ప్రిమోలో ఒక మనిషికి ఎండు పాస్తా 80 నుంచి 100 గ్రాములు వేస్తారు, ఉడికాక అది రెట్టింపు దాటుతుంది. ఆరుగురికి మూడు ఆంటిపాస్టి, రెండు మూడు రకాల్లో నాలుగు ప్లేట్ల ప్రిమి, రెండు సెకొండి, రెండు కొంటోర్ని, మూడు తీపి వంటకాలు హాయిగా సరిపోతాయి. పాస్తా, మాంసం రెండు విడతలుగా తెమ్మని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పండి. లేకపోతే బల్ల నిండిపోయి సగం చల్లారిపోతాయి. లోపల మీగడ నింపిన బుర్రాటా చీజ్ చెబితే మాత్రం రాగానే కోయండి. ఫ్రిజ్‌లోంచి తీసి కాసేపు బయట ఉంచి ఇస్తే లోపలి మీగడ జారుతుంది, గడ్డకట్టిన చల్లదనంలో రుచే తెలియదు. అడిగితే ముందే బయట పెడతారు.

ప్రశ్న: మాలో ఇద్దరు శాకాహారులు, ఒకరు గుడ్డు కూడా తినరు. కూరగాయల వంటకమని చూసి చెప్పేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. దాగి ఉండేవి చాలా ఉన్నాయి. మినెస్ట్రోనే అనే కూరగాయల సూప్‌లో పంచెట్టా (ఉప్పు పట్టించిన పంది మాంసం) ముక్కలు వేసి ఉండొచ్చు. రిసొట్టోను తరచూ కోడి లేదా ఎముకల రసంతో వండుతారు, పుట్టగొడుగుల రిసొట్టో అయినా సరే. పుట్టనెస్కా సాస్‌లో ఆంచోవీ అనే ఉప్పుచేప కరిగిపోయి ఉంటుంది, కంటికి కనబడదు. మీగడతో చేసే తీపి పన్నా కొట్టాను గట్టిపరిచేది మామూలుగా జంతువుల నుంచి తీసే జెలటిన్.

చీజ్ సంగతి ఇంకా చిక్కు. పార్మిజానో రెజ్జానోలో ఉండేవి పాలు, ఉప్పు, పాలను గడ్డకట్టించడానికి దూడ కడుపు నుంచి తీసే రెనెట్, ఇంతే. రెనెట్‌ను మార్చడానికి దాని నిబంధనలు ఒప్పుకోవు. గ్రానా పదానోలోనూ దూడ రెనెటే, పైగా చాలావాటిలో గుడ్డు తెల్లసొన నుంచి తీసిన లైసోజైమ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పెకొరీనో రొమానోలో గొర్రెపిల్ల రెనెట్. ఆకులు నూరి చేసే పెస్టో సాస్‌లో ఈ చీజ్‌లే పడతాయి కాబట్టి ఆకుపచ్చగా కనబడినా అది కచ్చితమైన శాకాహారం కాదు. మస్కర్పోనే అనే మెత్తటి చీజ్‌ను ఆమ్లంతో విరగ్గొడతారు కాబట్టి దానికి రెనెట్ అక్కర్లేదు. అయితే దానితో చేసే తీపి వంటకం తిరమిసులో పచ్చి గుడ్లు, బిస్కెట్లలోనూ గుడ్లు, కొన్నిసార్లు మద్యం కూడా ఉంటాయి.

గుడ్డు తినని వాళ్లకు సులువైన దారి ఎండు పాస్తా. దాన్ని మామూలుగా గట్టి రకం గోధుమ రవ్వ, నీళ్లతో చేస్తారు. తాజా తాల్యాతెల్లె, రవియోలీ పిండిలో సాధారణంగా 100 గ్రాములకు ఒక గుడ్డు కలుపుతారు. అందువల్ల వెయిటర్‌ని ‘ఇది వెజ్జేనా?’ అని అడగకండి. ‘రసం దేనితో చేశారు? పాస్తా తాజాదా, ఎండుదా? చీజ్ ఏది?’ అని అడగండి. ‘వెజ్జేనా’ అంటే అవుననే జవాబు వస్తుంది, ఈ మూడింటికి మాత్రం వంటగదిలోకి వెళ్లి కనుక్కుని రావాల్సిందే. గోధుమ పడనివాళ్లుంటే ఇంకో ప్రశ్న కూడా కలపండి: గ్లూటెన్ లేని పాస్తాను వేరే నీళ్లలో ఉడికిస్తారా?

ప్రశ్న: నేపుల్స్ తరహా పిజ్జా మధ్యలో తడిగా, అంచున నల్లమచ్చలతో వచ్చింది. తిప్పి పంపాలా?

జవాబు: వద్దు. కట్టెల ఓవెన్‌లో 430 డిగ్రీలకు పైన 60 నుంచి 90 సెకన్లే ఉంటుంది. అంత తక్కువ సమయంలో టమాటా, మోజరెల్లాల నీరు ఆవిరవదు, మధ్యభాగం మెత్తగానే ఉంటుంది. అంచున చిరుతపులి చుక్కల్లా మచ్చలు రావడం మంచిదే. తిప్పి పంపాల్సింది అడుగు మొత్తం మాడి చేదెక్కితే, లేదా అంచు విరిచినప్పుడు లోపల పచ్చిపిండి కనబడితే. కరకరలాడేది ఇష్టమైతే రోమ్ తరహాది ఉందేమో అడగండి, పలచగా ఎక్కువసేపు కాలుస్తారు. పంచుకునేటట్టయితే పిజ్జాలన్నీ ఒకేసారి వద్దు, రెండేసి చొప్పున తెమ్మనండి.

ప్రశ్న: బిల్లులో మేం అడగని లెక్కలు కనబడుతున్నాయి. ఎందుకని?

జవాబు: రెండు చోట్ల చూడండి. ‘కోపెర్తో’ అనేది బల్ల, రొట్టె, కత్తులూ ఫోర్కులకు మనిషికింత అని వేసేది. ఇటలీలో మామూలే, మెనూలో ఎక్కడో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అది టిప్ కాదు. రెండోది, చేపకూ ఫియొరెంతీనా స్టేక్‌కూ (ఎముకతో కాల్చే పెద్ద గొడ్డు మాంసం ముక్క) పక్కన ‘ఎట్టో’ అని ఉంటే ఆ ధర 100 గ్రాములకే. స్టేక్ సులువుగా కిలో దాటుతుంది. వండకముందే తూచి చూపించమనండి, ఎంతవుతుందో అప్పుడే చెప్పమనండి. విడివిడిగా కట్టాలనుకుంటే ఆ మాట ఆర్డర్ ఇచ్చే ముందే చెప్పాలి. పంచుకున్న ప్లేట్లను చివర్లో విడదీయమంటే చిన్న రెస్టారెంట్‌లో ఎవరికీ తీరిక ఉండదు.